ఐర్లండు పాట – మన ఊరి పాట



నేటి ప్రసంగమునకు విషయము ఐర్లండు దేశపు సంగీతము. ముప్పది యైదేండ్లు తెలుగు వ్యాకరణమును, ప్రబంధములను బోధించి విశ్రాంతి గొన్న బడిపంతులునకు ఐర్లండు సంగీతముతో నేమి పని యని మీకు దోచవచ్చును. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యని మన పూర్వులనుకొన్న దినములు గడచిపోయినవి. నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందలి పల్లెలనుండి బాలురును బాలికలును సముద్రములు దాటి చదువుకొనుట వింత కాదు. పొలము కుదువబెట్టియో, బ్యాంకులో అప్పు చేసియో వారిని పంపుచున్నాము. వారచ్చట నేమి నేర్చుచున్నారని యడిగిన కంప్యూటరు విద్య యనియో, వ్యాపార విద్య యనియో చెప్పుదుము. ఆ దేశము తన్ను తాను ఎట్లు నిలుపుకొన్నదో గమనించుటయు నొక చదువే. ఆ చదువును గూర్చియే నేను చెప్పబూనినది.

నా చిన్న కుమారుడు ఐర్లండులో షానన్ నది యొడ్డున నున్న లిమరిక్కు నగరమున చదివి పట్టము పుచ్చుకొనెను. ఆ యుత్సవమునకు నన్ను రమ్మనెను. అట్లు నాకు ఆ దేశమును జూచు నవకాశము కలిగినది. నేను చూచినదానిని, వినినదానిని చెప్పుటకు ముందు ఆ దేశమునకును మనకును గల పాత సంబంధమును కొంచెము స్మరింతము.

1913వ సంవత్సరమున బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. అదే సంవత్సరమున బరంపురమునుండి వరాహగిరి వేంకటగిరి యను పందొమ్మిదేండ్ల తెలుగు యువకుడు న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండు రాజధాని యగు డబ్లిన్ నగరమునకు పోయెను. ఆ కళాశాలలో ఆంగ్ల సాహిత్యము చెప్పిన థామస్ మెక్‌డొనా యను కవి 1916 ఏప్రిలులో జరిగిన స్వాతంత్ర్యపు తిరుగుబాటు నాయకులలో నొకడై, మే నెల 3వ తేదీన తుపాకి గుండ్లకు బలి యయ్యెను. ఐరిషు దేశభక్తులతో సంబంధము గలదను ననుమానముపై ఆ సంవత్సరమే గిరిగారిని దేశము విడిచి పొమ్మనిరి. ఆయన స్వదేశమునకు వచ్చి కార్మికోద్యమమున బనిచేసి, 1969నుండి 1974వరకు భారత రాష్ట్రపతిగా నుండిరి.

ఇటనుండి అటు పోయిన వారొకరైన, అటనుండి ఇటు వచ్చిన వారొకరు. ఐర్లండులో రాస్‌కామన్ మండలమందలి బాయిల్ పట్టణమున 1878లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ అను విదుషీమణి సంగీతమున పట్టము పొందినది. ఆమె తన భర్త యగు జేమ్స్ కజిన్స్ గారితో గూడ 1915లో మన దేశమునకు వచ్చి, మదనపల్లె కళాశాలకు చేరెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లెకు విచ్చేసినపుడు ‘జనగణమన’ గీతమును వినిపించిరి. ఆ గీతపు స్వరములను వ్రాసి క్రమపరచుటకు తోడ్పడినది ఈ ఐరిషు వనితయే. మన పిల్లలు బడిలో ప్రతిదినము పాడు పాటకు తెలుగు నేలపై స్వరలిపి కూర్చినవారిలో ఐర్లండు సంగీతము నేర్చిన చేయి యున్నదని యెంతమందికి తెలియును?

ఇంతకంటె పాత సంబంధము మరొకటి కలదు. ముత్తుస్వామి దీక్షితులవారు చెన్నపట్టణ ప్రాంతమున నున్న కాలమున కుంపిణీ వారి బాండు వాయించు పాటలను విని, ఆ మట్లకు సంస్కృత సాహిత్యమును కూర్చిరి. వీనికి నోటు స్వరములని పేరు. వీనిలో ‘వందే మీనాక్షి’ యనునది యొకటి. దాని మట్టు ఐర్లండులో కార్క్ మండలమందలి మాలో పట్టణపు పేరుతో ప్రసిద్ధమైన నాట్యపు మట్టు. సంగీతము నేర్చు మన పసివాండ్రు ఇప్పటికిని దీనిని పాడుదురు. దీక్షితులవారి తమ్ములగు బాలుస్వామి దీక్షితులవారే తెల్లవారియొద్ద వయొలిను నేర్చి, మన కచ్చేరీలకు దానిని తెచ్చిరి. అనగా పాటకు పాస్‌పోర్టు అక్కరలేదు!

ఇక ఐర్లండు సంగీతపు స్వరూపమును గూర్చి. లిమరిక్కునకు ఉత్తరముగా క్లేర్ అను మండలము కలదు. ఎన్నిస్ దాని ముఖ్య పట్టణము. పాటకు ఆ మండలము పేరు పొందినది. ఒకనాటి సాయంకాలము మావాడు నన్నచ్చటికి గొనిపోయి, “నాన్నగారూ, పాట వినవలెనన్న ఈ పబ్బులోనికి రావలెను” అనెను. పబ్బనగా పానశాల. శాస్త్రము చదివినవాడను, నాకు కాళ్ళాడలేదు. “ఇచ్చట టీ కూడ ఇత్తురు నాన్నగారూ” అని మావాడు నవ్వెను. లోపల ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు కూర్చుండియుండుట చూచి నేనును ఒక మూల కూర్చుంటిని. నాకు టీ యిచ్చిరి. అది మన రచ్చబండవంటి చోటని కొంతసేపటికి తెలిసినది.

వేదిక లేదు, మైకు లేదు, టిక్కెట్టు లేదు. ఒక బల్ల చుట్టును ఎనమండుగురు ఒకరి ముఖమొకరు చూచుకొనుచు కూర్చుండిరి. వినువారివైపు తిరిగి వాయించువాడు లేడు. ఒకరు మొదలుపెట్టిన మట్టును తెలిసినవారందరు అందుకొందురు. తెలియనివారు వాద్యమును ఒడిలో బెట్టుకొని విందురు. ఒక మట్టును రెండు మూడు మారులు వాయించి, ఆగకుండ మరియొక మట్టులోనికి దుముకుదురు. మన భజనలలో ఒక కీర్తన చివరనుండి మరియొక నామావళిలోనికి పోవునట్లే యుండును. మట్టులు సామాన్యముగా రెండు భాగములు. ప్రతి భాగమును రెండు మారులు వాయింతురు. ఇట్టి కూటమికి ‘సెషను’ అని పేరు.

తాళమును బట్టి మట్టులకు పేర్లు వేరు. ‘జిగ్’ అనునది తకిట తకిట యని నడచును. ‘రీల్’ అనునది తకధిమి తకధిమి యని పరుగెత్తును. ‘స్లిప్ జిగ్’ అను దానిలో తకిట మూడు మారులు వచ్చును. వారి మట్టులను మన మేళకర్తలతో పోల్చి చూచితిని. శంకరాభరణము, హరికాంభోజి, ఖరహరప్రియ, నటభైరవి, ఈ నాలుగింటి స్వరస్థానములలో వారి పాటలన్నియు దాదాపుగా నిమిడియున్నవి. రాగమను భావన వారికి లేదు. మన గమకము వంటిది మాత్రము కలదు. మట్టు నొకటే వాయించినను ప్రతివాడును తన చేతివాటముగా స్వరమును చిలికి, మెలిపెట్టి వాయించును. ఊరూరికి ఆ వాటము వేరు.

వాద్యములలో వయొలినును వారు ‘ఫిడిల్’ అందురు. కొయ్యపిల్లనగ్రోవి, రేకుపిల్లనగ్రోవి కలవు. కాన్సర్టినా యనునది మన నాటకముల హార్మోనియమునకు చిన్న చెల్లెలు. ‘బౌరాన్’ అను మేకతోలు వాద్యమును చూచిన మన పల్లెల పలక జ్ఞప్తికి వచ్చును. వీనిలో అపూర్వమైనది ‘ఇలిన్ పైపులు’ అను తిత్తివాద్యము. ఇలిన్ అనగా ఐరిషు భాషలో మోచేయి. మోచేతి క్రింది కొలిమితిత్తితో గాలి నింపి వాయింతురు గాన ఆ పేరు కలిగినది. దానిలో మూడు గొట్టములు ఎల్లప్పుడు శ్రుతి యిచ్చుచుండ, వేరొక గొట్టముపై వ్రేళ్ళతో పాటను పలికింతురు. మన వీధిభాగవతుల వెనుక నిలిచి శ్రుతితిత్తి నూదు మనిషి మీకు జ్ఞాపకమున్నాడా? ఆ శ్రుతితిత్తి మనలో దాదాపుగా మూలబడినది. వారి తిత్తివాద్యమును ప్రపంచ వారసత్వముగా 2017లో యునెస్కో సంస్థవారు గుర్తించిరి. 2019లో వారి వీణ యగు ‘హార్పు’ను గుర్తించిరి. ఆ హార్పే వారి నాణెములమీదను, రాజముద్రమీదను గల చిహ్నము. ఒక వాద్యమును రాజ్యచిహ్నముగా ధరించిన జాతి యది.

మన ఆలంకారికులు రసములను విభజించినట్లు, వారి ప్రాచీనులు సంగీతమును మూడు తెఱగులుగ విభజించిరి: ఏడ్పించునది, సంతోషపెట్టునది, నిద్రపుచ్చునది. ఈ మూడింటిని వాయించనేర్చినవాడే పూర్ణుడగు విద్వాంసుడని వారి పురాణకథలు చెప్పును.

వాద్యములు ఆగిన పిమ్మట ఒక వృద్ధుడు కన్నులు మూసికొని ఐరిషు భాషలో పాడెను. దీనిని ‘షాన్ నోస్’ అందురు. ప్రాతరీతి యని యర్థము. తోడు వాద్యము లేదు, తాళము లేదు. ప్రక్కనున్నవాడు ఆ వృద్ధుని చేయి పట్టుకొని, పాట నడకను బట్టి మెల్లగా త్రిప్పుచుండెను. పానశాలలో గ్లాసు చప్పుడైనను వినబడలేదు. కడపటి మాటలను పాడక, మామూలుగా పలికి ముగించెను. పాటలోనుండి మరల లోకములోనికి దిగివచ్చుటకు అది మెట్టు వంటిది.

ఈ సంగీతము సుఖమున పెరిగినది కాదు. 17వ శతాబ్దమున వారి పాత ప్రభువులు నశించిరి; వారి నాశ్రయించిన వైణికులు దిక్కు లేనివారైరి. 1670లో పుట్టిన టర్లో ఓ కారొలాన్ అనువాడు పదునెనిమిదవ యేట మశూచిచే కన్నులు పోగొట్టుకొని, హార్పు నేర్చి, గుఱ్ఱమెక్కి ఇల్లిల్లు తిరిగి, ఆతిథ్యమిచ్చినవారి పేర మట్టులు కట్టెను. జమీందారుల యింటికి పోయి పద్యము చెప్పిన మన కవులవలెనే యని యనుకొనుడు. ఆయన 1738లో చనిపోయెను. ఆయన మట్టులు రెండువందలకు పైగా నేటికి నిలిచియున్నవి. 1792లో బెల్‌ఫాస్టు నగరమున మిగిలిన వైణికులను పిలిపింపగా దేశమంతటను పదిమంది ఐరిషువారు మాత్రమే వచ్చిరి. అందులో నొకరికి తొంబది యేండ్లు దాటినవి. వారు వాయించినదానిని వ్రాయుటకు ఎడ్వర్డ్ బంటింగ్ అను పందొమ్మిదేండ్ల కుర్రవానిని నియమించిరి. ఆ కుర్రవాడు ఆ పని నంతటితో విడువక, తన జీవితమునంతను దానికే ధారపోసెను. ఆ పదిమందియు కాలక్రమమున గతించిరి. వాని వ్రాతలు మిగిలినవి.

తరువాత 1845లో బంగాళాదుంప పైరునకు తెగులు సోకి క్షామము వచ్చినది. దాదాపు పదిలక్షలమంది చనిపోయిరి. అంతకు తక్కువ కానివారు ఓడలెక్కి పోయిరి. 1841లో 82 లక్షలున్న జనులు 1851నాటికి 66 లక్షలకు లోపుగా మిగిలిరి. నేటికిని ఆ దీవి జనసంఖ్య 1841నాటి లెక్కను అందుకొనలేదు. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనను మన కన్నులతో చూచినవారము గనుక, ఊళ్ళు పాడుపడుటయన నేమో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. మనుష్యులతోపాటు వారి నోటనున్న పాటయు బోవును. వారి భాషయు ఆ దెబ్బతో చాలవరకు సన్నగిల్లినది.

ఐనను, పోయినవారే పాటను కాపాడినారన్నది మనము నేర్వదగిన విశేషము. కార్క్ మండలమున 1848లో పుట్టిన ఫ్రాన్సిస్ ఓ నీల్ అను పల్లెటూరి బాలుడు పదునారవ యేట ఇల్లు విడిచి, ఓడలమీద కష్టపడి, అమెరికాలో చికాగో నగరపు పోలీసు ఉద్యోగియై, 1901లో ఆ నగర పోలీసుకు అధిపతి యయ్యెను. ఆయనకు స్వరము వ్రాయుట రాదు. తాను చిన్ననాడు విన్న మట్టులను నోట పలుకగా, అదే యింటిపేరు గల జేమ్స్ ఓ నీల్ అను మరియొక పోలీసు ఉద్యోగి వ్రాసెను. వలస వచ్చిన ఐరిషువారిని వెదకి, వారి నోటనున్నదానినెల్ల చేర్చి, 1903లో 1,850 మట్టులతో నొక గ్రంథమును ప్రకటించెను. నేటికిని ఆ దేశపు వాద్యకారులకు అది పెద్దబాలశిక్ష.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట గూడ కష్టము తీరలేదు. 1935లో నాట్యశాలల చట్టము వచ్చి, అనుమతి లేనిదే బహిరంగ నాట్యము కూడదనెను. ఆ చట్టమును సాకుగా జేసికొని ఇండ్లలో పొరుగువారు కూడి పాడి యాడు వినోదములను గూడ అణచిరి. పరరాజ్యమున బ్రతికిన పాట సొంతరాజ్యమున వాడిపోసాగినది. అప్పుడు 1951లో మల్లింగర్ పట్టణమున కొందరు వాద్యకారులు కూడి సంగీతకారుల సంఘమును స్థాపించి, యేటేట జాతర నారంభించిరి. నేడు ఆ జాతరకు లక్షలమంది వత్తురు. ఊరూర దాని శాఖలున్నవి. పిల్లలకు వాద్యములు నేర్పుదురు, పోటీలు పెట్టుదురు. లిమరిక్కు విశ్వవిద్యాలయమున 1994లో సంగీత నాట్యములకై ప్రత్యేక విద్యాలయమే వెలసినది.

ఈ చరిత్రను గ్రంథములలో చదువుట వేరు, కంటితో చూచుట వేరు. ఆ ఎన్నిస్ సాయంకాలమున పదేండ్ల బాలిక యొకతె డెబ్బదియేండ్ల రైతు ప్రక్కన కూర్చుండి ఫిడిలు వాయించుచుండెను. ఆ బాలిక మట్టు మొదలుపెట్టినపుడు పెద్దలందరు చేతులాపి, ఆమె నడక ఎంతో అంతే నడకతో వెంబడించిరి. తొందరించినవాడు లేడు, సరిదిద్దినవాడు లేడు. ముప్పది యైదేండ్లు బడి చెప్పిన నాకు ఇంత చక్కని పాఠము మరియొకటి కనబడలేదు.

కొంతసేపటికి ఆ రైతు మావైపు తిరిగి, “మీ దేశపు పాట యొకటి వినిపింపుడు” అని కోరెను. నేను ‘వందే మీనాక్షి’ యెత్తుకొంటిని. రెండవ ఆవృత్తమునకే ఫిడిలు చేత నున్న ఆ బాలిక కన్నులు మెరసినవి. “ఇది మాది!” అని నవ్వి, ఆమె వాయింపసాగెను; తక్కినవారును కలిసిరి. రెండువందల యేండ్ల క్రిందట మన దేశమునకు వచ్చిన పాట అత్తవారింటినుండి సంస్కృతపు చీర కట్టుకొని పుట్టింటికి పోయినట్లయినది. అందరు నవ్విరి, నేనును నవ్వితిని.

నవ్వులు తగ్గిన పిమ్మట ఆ రైతు మావాని వైపును, మావాని స్నేహితులగు తెనాలి, రేపల్లె విద్యార్థుల వైపును చూచి, “అది మా ఊరి పాట గదా; మీ ఊరి పాట యేది?” అని యడిగెను. ఒక బాలుడు సినిమా పాట పాడెను, చక్కగనే పాడెను. వృద్ధుడు చేతులు తట్టి, మరల మర్యాదగనే, “మీ ఊరిలో పుట్టిన పాట?” అనెను. ఆ పిల్లలు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. ఇది ఆ పిల్లల తప్పు కాదు. వారు పుట్టునాటికే మన పల్లెలలో రోకలి మూలబడినది, మరబియ్యము వచ్చినది. దంపుడు పాట ఎవరి నోట విందురు? నాట్లు వేయు స్త్రీల పాట చేనిలోనే నిలిచిపోయినది. పిల్లలు పుస్తకముల సంచితో బస్సెక్కిరి.

అప్పుడు నేను మా అమ్మ బియ్యము దంచుచు పాడిన పాట నొకదానిని, జ్ఞాపకమున్నంతవరకు, చేతితో బల్లమీద రోటిపోటు తాళము వేసి పాడితిని. ఎవరును ఒక్క మాట మాటలాడలేదు. ఆ బాలిక తన తల్లి ఫోనులో దానిని పట్టుకొని, మరల రెండు మారులు పాడించుకొని, ఫిడిలుమీద మెల్లమెల్లగా పలికించెను. ఇప్పుడు మా అమ్మ పాట క్లేర్ మండలమున ఒక పిల్ల ఫోనులో నున్నది. మా ఊరిలో మాత్రము ఎవరి ఫోనులోను లేదు.

అయ్యలారా, ఈ మాట మీతో చెప్పుటకే ఈ ప్రసంగము. మన సంగీతమునకు దారిద్ర్యము లేదు. త్యాగరాజస్వామి కృతులకు వెరపు లేదు. వానిని పాడువారు లోకమంతటను కలరు. కృష్ణకు ఆవలి దిక్కున కూచిపూడి వెలుగుచునే యున్నది. పొన్నెకల్లు వాస్తవ్యులగు షేక్ నాజరుగారు బుఱ్ఱకథకు తెచ్చిన కీర్తి మీ రెరుగుదురు. 1986లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ యిచ్చినది. వెరపంతయు పేరులేని పాటకే. మేలుకొలుపు, లాలి, అప్పగింతల పాట, తుమ్మెద పదము, కోలాటపు పాట, చెక్కభజన, రైలుపెట్టెలో బిచ్చగాడు తంబురపై పాడు తత్త్వము – వీనికి కర్త లేడు, హక్కుదారు లేడు; గనుక కాపుదారును లేడు. నేదునూరి గంగాధరముగారు, హరి ఆదిశేషువుగారు, బిరుదురాజు రామరాజుగారు మొదలగు మహనీయులు ఇట్టి పాటలను గూర్చి జీవితకాలము శ్రమించిరి. వారి గ్రంథములలో సాహిత్యము చిక్కినది. కాని కాగితముపై పాట అచ్చైనను దాని గొంతు అచ్చు కాదు. గొంతు వినవలెనన్న ఆ ముసలమ్మ బ్రతికియుండగనే వినవలెను.

విదేశమునకు పోయినవాడు స్వదేశకళను మరచునని అనుకొనవలదు. బాపట్లలో కొంతకాలము గడపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో చదువుకొన్నవారు. వారు ఆనంద కుమారస్వామిగారితో గూడి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున వెలయింపగా, అది 1917లో ప్రకటితమైనది. తిరిగి వచ్చి చీరాల పేరాల ఉద్యమమున ప్రజలను నడిపిన ఆ మహనీయుడు జానపదుల ఆటపాటలను ప్రేమించెను. దూరము పోయినకొలది సొంతయిల్లు స్పష్టముగ కనబడు కన్నులు కొందరికుండును. కాని యింటిలో నేమియు లేకున్న కన్నులుండి యేమి లాభము?

కావున నా మనవి చిన్నది. మీ యూరి రామాలయమునందో, భజన మందిరమునందో వారమున కొక సాయంకాలము పాటకు విడువుడు. మైకు వలదు, చందా వలదు. చుట్టును కూర్చుండుడు, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వారు తప్పు పాడినను వారి నడకనే నడువుడు. మీ వీధిలో ఎనుబదియేండ్ల అవ్వ యున్నచో మనుమని పిలిచి, ఆమె పాటను ఫోనులో పట్టుమనుడు. ఆమె పేరు, ఊరు, పాడిన దినము, ఏ పనిలో ఆ పాట పాడుదురో ఆ వివరము, ఇవి నాలుగును తప్పక చేర్చుడు. దానిని ఒక్కచోట నుంచక, నలుగురి యొద్ద నుంచుడు. ఓ నీల్ పోలీసు ఉద్యోగి. బంటింగ్ పందొమ్మిదేండ్ల కుర్రవాడు. ఈ పనికి పండితులే కావలెనను నియమము లేదు.

ఇక చదువునకై విమానమెక్కు బిడ్డకు ఆవకాయ జాడీ, కందిపొడి, గోంగూర పచ్చడి మీరు కట్టి యిత్తురు. మూడు నెలలకు జాడీ ఖాళీ యగును. వానితోపాటు ఊరి పాట నొకటి నోట నేర్పి పంపుడు. దానికి బరువు లేదు, విమానాశ్రయమున సుంకము లేదు, తరుగుట లేదు. ఏ దేశమునందైనను ఎవరైన “మీ ఊరి పాట యేది?” అని యడిగినపుడు మన బిడ్డ తల యెత్తి పాడగలుగును. అట్టి దినమును మన పల్లెలు త్వరలో చూచుగాక. సెలవు.